వెనకగది అక్షరం

మా అమ్మమ్మకి చదువు రాదు. అయినా కార్డు చేతికిస్తే అది పెళ్లిదో చావుదో చదవకుండానే చెప్పేసేది. ఆ తెలివే చివరికి మా కొంప ముంచింది. ఇలా అన్నానని పైనుంచి నెత్తిన మొట్టికాయ వేస్తే వెయ్యనీ, నేను మాత్రం ఈ మాట మింగలేను.

కొత్తపేట బస్టాండుకి దగ్గర్లో ఒక ప్రెస్సు ఉండేది. దాని యజమానిని ఊళ్లో అందరూ పెద్దాయన అనేవారు. అమ్మమ్మ అక్కడ కార్డులు మడిచే పని చేసేది. పెళ్లికార్డులయితే మడిచి, నాలుగు మూలలా పసుపు అద్ది, కవర్లలో పెట్టాలి. మనిషి పోయాక జరిపే పెద్దకార్యానికి పిలిచే కార్డులకి మాత్రం పసుపు తగలకూడదు. పసుపు చేత్తో వాటిని ముట్టుకోనే కూడదు. పెళ్లివారి కట్టలో పొరపాటున ఒక్క చావుకార్డు కలిసి వెళ్లిందంటే ఇక ఆ ప్రెస్సు గడప ఎవరూ తొక్కరు. అందుకని పెద్దాయన సీసం అక్షరాల కాలం నుంచీ ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. చావుకార్డులకి వేరే గది, వేరే అక్షరాలు. ఆ అక్షరం లావుగా, బరువుగా ఉండేది. తలకట్లు అడ్డంగా పడుకున్నట్టు ఉండేవి. దాని అరలు వెనకగదిలో ఉండేవి. ఆ అక్షరంతో పెళ్లికార్డు కాదు కదా, కిరాణా కొట్టు రసీదు కూడా వేసేవారు కాదు.

చుట్టుపక్కల ఊళ్లకి కూడా ఈ సంగతి తెలిసిపోయింది. పోస్టుమాన్ చేతిలో కార్డు చూడగానే, ఇంకా పేరు చదవకుండానే, "అయ్యో, ఎవరండీ?" అని అడిగేవారు. గుమ్మం బయటే చదివి, చింపి, అక్కడే పారేసి, కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లేవారు.

చిన్నప్పుడు బడి అయిపోగానే నేను ప్రెస్సుకి వెళ్లి అమ్మమ్మ పక్కన కూర్చునేదాన్ని. చదువు రాకుండా ఎలా పోల్చుకుంటావని అడిగితే, "మొహం చూస్తే తెలియదేంటే? నవ్వేది ఏదో, ఏడ్చేది ఏదో" అనేది.

మా నాన్న నాకు ఊహ తెలియకముందే పోయాడు. అమ్మ ఇంటిపనికి మస్కట్ వెళ్లింది. మా వీధిలో అలా వెళ్లిన ఆడవాళ్లు చాలామందే ఉన్నారు. కొన్నేళ్లకోసారి వచ్చి, నాలుగు రోజులు ఉండి, మళ్లీ ఏడుస్తూ వెళ్లేది. నన్ను పెంచింది అమ్మమ్మే. అమ్మ ఒక్కతే కూతురు ఆవిడకి. రోజూ దీపం పెట్టేటప్పుడు దేవుణ్ణి అడిగేది ఒకటే: "దాన్ని క్షేమంగా ఇంటికి చేర్చు నాయనా." ఇంకేమీ అడగగా నేను వినలేదు.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది మీకు పిచ్చిలా కనిపిస్తుంది. తొంభైల్లో మా వీధి మనిషి ఒకాయన దుబాయ్‌లో పోయాడు. శవం రావడానికి చాలా రోజులు పడుతుందన్నారు. ఆయన తల్లికి గుండెజబ్బు. పెట్టె వచ్చేదాకా ఆవిడకి తెలియనివ్వకూడదని ఇంటివాళ్లు అందరిచేతా ఒట్టు వేయించుకున్నారు. ఆ ముసలావిడ నమ్మే మనిషి మా అమ్మమ్మ. రోజూ సాయంత్రం వెళ్లి, "కబురొచ్చిందండీ వదినగారూ, కులాసాగా ఉన్నాడంట. పని తెమలక రాయలేకపోతున్నాడంట" అని చెప్పి వచ్చేది. ఒకరోజు ఎవరో దూరపు చుట్టం చేత ఫోనులో కొడుకులా మాట్లాడించారు కూడా. ఆ ముసలావిడ చెవి దగ్గర రిసీవరు పట్టుకుని నిలబడింది మా అమ్మమ్మే. ఇంటికొచ్చి చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

నేను అమలాపురంలో డీటీపీ నేర్చుకుని అదే ప్రెస్సులో పనికి చేరేసరికి సీసం అక్షరాలు మూలపడ్డాయి. ముందుగదిలో ఒక కంప్యూటరు వచ్చింది, పెళ్లికార్డులకి. పెద్దాయన కట్టుబాటు మాత్రం కదల్లేదు. చావుకార్డులకని వెనకగదిలో రెండో కంప్యూటరు పెట్టించారు. కాకినాడలో ఉండే ఆయన మేనల్లుడు వచ్చి దాన్లో విండోస్ బదులు లినక్స్ ఎక్కించాడు. వైరస్‌లు పట్టవన్నాడు. ఇంటర్నెట్టు తీగ కూడా దానికే తగిలించాడు. తెలుగు అక్షరాలు ఏవి పెట్టమంటారని తెరమీద ఒక్కొక్కటీ చూపించాడు. పెద్దాయన కళ్లద్దాలు సర్దుకుని చూస్తూ చూస్తూ ఒకదాని దగ్గర ఆగిపోయారు. లావుగా, బరువుగా, తలకట్లు అడ్డంగా పడుకున్నట్టు.

"అదేరా అది. మన సీసం అక్షరమే. ఇదొక్కటీ పెట్టు, చాలు. వెనకగదిలో ఇంకో అక్షరంతో పనేముంది?"

మేనల్లుడు అదొక్కటే పెట్టి, కాఫీ తాగి వెళ్లిపోయాడు. ఎవరు తప్పు చేశారని అడిగితే చెప్పలేను. ఆయన మాటలో తప్పు లేదు, ఇతని పనిలోనూ తప్పు లేదు.

అమ్మ దగ్గర్నుంచి కబుర్లు మెయిలులో ఆ కంప్యూటరుకే వచ్చేవి. మా వీధి అబ్బాయి ఒకడు మస్కట్‌లో ఆఫీసు పని చేసేవాడు. శుక్రవారాలు సెలవు కాబట్టి మనవైపు ఆడవాళ్లు చెప్పింది టైపు చేసి పంపేవాడు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. నేను చదువుతుంటే అమ్మమ్మ పక్కన నిలబడి తల ఊపుతూ వినేది. ఆ అక్షరాలు ఆవిడకి ఏ మొహమూ చూపించేవి కావు.

ఒక మధ్యాహ్నం మెయిలు తెరిచేసరికి తెరనిండా తెలుగు. ఆ అబ్బాయి ఎక్కడో తెలుగులో టైపు చెయ్యడం నేర్చుకున్నాడు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. "అమ్మమ్మా, పరిగెత్తుకుని రా! అమ్మ తెలుగులో రాసింది!" అని కేకేశాను.

ముందుగదిలో పెళ్లికార్డులకి పసుపు అద్దుతున్నదల్లా నవ్వుకుంటూ వచ్చింది. తెరవైపు చూసింది. పసుపు చేతులు రెండూ టక్కున వెనక్కి పెట్టేసుకుంది.

"ఎప్పుడు?" అంది.

"ఏంటెప్పుడు?"

"ఎప్పుడు పోయిందే?"

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వొచ్చింది. తర్వాత ఆవిడ మొహం చూస్తే నవ్వు ఆగిపోయింది. కుర్చీలో కూర్చోబెట్టి మొత్తం చదివాను. నేను బాగానే ఉన్నాను, కాలి దెబ్బ తగ్గింది, పిల్లకి సంబంధాలు చూడ్డానికి తొందరపడకు, నేను వచ్చాక చూద్దాం, ఇదీ అందులో ఉన్నది. అమ్మమ్మ చివరిదాకా కదలకుండా వింది.

"బాగా చదివేవు. నేనూ అలాగే చెప్పేదాన్ని" అని లేచి వెళ్లి బయట కుళాయి దగ్గర చేతులకున్న పసుపు కడిగేసుకుంది.

నాకు కోపం ముక్కుమీద ఉంటుంది. కాకినాడకి ఫోను చేసి ఆ మేనల్లుణ్ణి ఉతికి ఆరేశాను. పాపం, అతను ఓపిగ్గా చెప్పాడు. "చూడమ్మా, మామూలుగా ఏ పేజీ అయినా ఫలానా అక్షరమే కావాలని అడగదు. శాన్స్ అనో, సెరిఫ్ అనో, మోనోస్పేస్ అనో అడుగుతుంది. అవి అక్షరాల పేర్లు కావు, రకాల పేర్లు. కొట్టుకెళ్లి సబ్బు ఇమ్మంటే కొట్లో ఏ సబ్బుంటే అదే ఇస్తాడు కదా. లినక్స్ కూడా అంతే, ఆ పేరుకి తన దగ్గరున్న వాటిల్లో ఒకటి చూసి ఇస్తుంది. మీ మెషీన్లో తెలుగు తెలిసినది ఒక్కటే ఉంది. ఏం అడిగినా అదే వస్తుంది."

ఆదేశాలు టైపు చేసే నల్లతెర తెరిచి ఎఫ్‌సీ-మ్యాచ్ అని కొట్టి, తెలుగుకి శాన్స్ అంటే ఎవరని అడగమన్నాడు. అడిగాను. చావుకార్డు అక్షరం పేరు చెప్పింది. సెరిఫ్ అంటే? అదే పేరు. మోనోస్పేస్ అంటే? మళ్లీ అదే. ఎవరిని పిలిచినా ఒకే మనిషి గుమ్మంలోకి వస్తున్నట్టుంది. అన్నిటికన్నా నన్ను కుదిపింది ఏమిటంటే, మీరు అడిగింది నా దగ్గర లేదండీ అని అది ఒక్కసారి కూడా అనలేదు. నోరు మూసుకుని ఉన్నదాన్ని ఇచ్చేసింది.

మర్నాడు అమ్మమ్మని బలవంతాన లాక్కొచ్చి తెరముందు కూర్చోబెట్టాను. వార్తలు తెరిచాను, వాతావరణం తెరిచాను, కొబ్బరికాయల ధర తెరిచాను. అన్నీ అదే మొహంతో వచ్చాయి. "చూడు, అంబాజీపేటలో కాయ రేటు కూడా ఇదే అక్షరంలో ఉంది. కాయలు కూడా చచ్చిపోయాయా?" అన్నాను.

"కొబ్బరికాయల రేటు చావుకార్డు మీదెందుకుంటుందే? అబద్ధమాడితే కాస్త అతికినట్టుండాలి" అంది అమ్మమ్మ.

నెత్తీ నోరూ బాదుకున్నాను. పెద్దాయన కూడా వచ్చి, "నా మాట నమ్మమ్మా, నీ కూతురికి ఏమీ కాలేదు" అన్నారు. అమ్మమ్మ ఆయన ముందు ఎప్పుడూ చెంగు భుజం మీంచి తిప్పుకుని నిలబడేది. "ఆయ్ అండి. మీరు అలాగే చెప్పాలండి. నేనయినా అలాగే చెప్పేదాన్నండి" అంది. మైలలో ఉన్నదాన్ని శుభకార్యం కార్డులు ముట్టుకోకూడదని చెప్పి ఆ రోజు నుంచి పనికి రావడం మానేసింది.

కాకినాడ నుంచి బస్సులో ఒక సీడీ తెప్పించాను. అందులో గుండ్రంగా, తేలిగ్గా ఉండే తెలుగు అక్షరం ఉంది. దాన్ని ఎక్కించి, అతను చెప్పినట్టే పేరు చుక్కతో మొదలయ్యే, పైకి కనపడని ఒక ఫైలులో రాశాను: శాన్స్ అడిగితే ముందు దీన్ని ఇవ్వు, ఇది లేకపోతేనే పాతది. మళ్లీ నల్లతెరలో అడిగాను. ఈసారి కొత్త పేరు చెప్పింది. అమ్మ కబురు మళ్లీ తెరిచాను. అవే మాటలు, కొత్త మొహం. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతో. పరుగున వెళ్లి అమ్మమ్మని తీసుకొచ్చాను.

చాలాసేపు చూసింది. దగ్గరికి వంగి, వెనక్కి జరిగి చూసింది.

"ఇందులో ఉన్నది మొన్నటిదేనా?"

"ఆయ్. అక్షరం పొల్లు పోలేదు."

"అంటే ఈ మొహాలు నువ్వెలా కావాలంటే అలా మారతాయన్నమాట."

"మారతాయి. అదేగా నేను మొన్నట్నుంచీ చెప్పేది!"

అమ్మమ్మ నా తలమీద చెయ్యి వేసింది. "నా తల్లే. ఏడుపు మొహాన్ని నాకోసం కూర్చుని నవ్వించేవు. ఎంత కష్టపడ్డావో. ఇంక వద్దులే."

నిజంగానే ఆవిడకోసమే మార్చాను.

ఫోను కూడా అయింది. నేను రాసింది విని అమ్మ, తను పనిచేసే ఇంటివాళ్లని బతిమాలుకుని ప్రెస్సుకి చేసింది. లైనులో గరగర మధ్య, గాలి హోరు మధ్య, "అమ్మా, నేనేనే, బతికే ఉన్నాను" అని ఏడ్చింది. అమ్మమ్మ రిసీవరు రెండు చేతులా పట్టుకుని ఎంతో ముద్దుగా మాట్లాడింది. వేళకి తిను, ఎండలో తిరక్కు అని జాగ్రత్తలు చెప్పింది. పెట్టేశాక నావైపు తిరిగి, "ఎవరి పిల్లో పాపం. గొంతు బాగానే కుదిరింది" అంది.

అప్పట్నుంచి మా ఇంట్లో ఒక చావు తిరగడం మొదలుపెట్టింది. ఎవరూ చావని చావు. మధ్యాహ్నం తను తినేముందు ఒక ముద్ద తీసి గోడమీద పెట్టేది. కాకి వచ్చి తింటే, "తిన్నావా తల్లీ" అనేది. అమ్మ చీరలు పెట్టెలోంచి తీసి ఎవరికో ఇచ్చేసింది. రాత్రి తిండి మానేసింది. మనిషి పుల్లలా అయిపోయింది. నేను అరిస్తే, "నా మానాన నన్ను ఏడవనీయవే, పైకి ఏడిస్తే నువ్వు బాధపడతావని లోపల్లోపలే ఏడుస్తున్నాను కదా" అనేది. అసలు దుర్మార్గం ఏమిటంటే, కొన్నాళ్లకి ఆ చావు నన్ను కూడా పట్టుకుంది. కబురు టైపు చేసింది ఎవరో అబ్బాయి. ఫోనులో గొంతు గాలికి చిరిగిపోయి ఉంది. అమ్మ అని పిలిస్తే పలికింది అమ్మేనా? లేక అక్కడ కూడా, లేదు అని చెప్పలేక, దొరికినవాళ్లని పెట్టేశారా? వెనకగదిలో కూర్చుని చావుకార్డు టైపు చేస్తుంటే పేరు రాయాల్సిన చోట నా వేళ్లు ఆగిపోయేవి. ప్రెస్సులో పనిచేస్తూ అక్షరాలకి భయపడ్డాను. ఎవరికి చెప్పుకోను?

"ఉన్నపళంగా రా, అమ్మమ్మ దక్కదు" అని కబురు పంపాను. అమ్మ పాస్‌పోర్టు పనిచేసే ఇంటివాళ్ల దగ్గర ఉంది. వాళ్ల పిల్ల పెళ్లయ్యేదాకా అమ్మని కదలనివ్వలేదు. ఎట్టకేలకు వచ్చింది. రాజమండ్రి స్టేషనులో అమ్మని చూడగానే ముందు చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కాను. వేడిగా ఉంది. "ఏంటే, అంత నొక్కుతున్నావు?" అంది అమ్మ. బస్సు జొన్నాడ దాటి గోదావరి బ్రిడ్జి ఎక్కేదాకా ఆ చెయ్యి వదల్లేదు. ఇక అయిపోయింది, కళ్లారా చూస్తే ఎవరయినా నమ్మాల్సిందే కదా అనుకున్నాను.

అమ్మమ్మ అరుగుమీద కూర్చుని కొబ్బరాకుల ఈనెలు తీస్తోంది. అమ్మ వాకిట్లోకి వచ్చి, "అమ్మా" అంది. అమ్మమ్మ తలెత్తి చూసింది. ఒక్క క్షణం ఆ మొహం వెలిగింది, ఒట్టు, నేను చూశాను. మరుక్షణం ఆరిపోయింది. చాకు పక్కన పెట్టి, చెంగు సర్దుకుని లేచి నిలబడింది.

"రండమ్మా. ఎండన పడి వచ్చేరు. కూర్చోండి, మంచినీళ్లు తెస్తాను" అంది, కన్నకూతురితో.

అమ్మ నవ్వబోయి ఆగిపోయింది. నేను అమ్మమ్మ వెనకే వంటింట్లోకి వెళ్లాను. బిందెలో చెంబు ముంచుతూ గొంతు తగ్గించి అడిగింది: "ఎక్కడ దొరికిందే? అచ్చం దానిలాగే ఉంది. నాకోసం ఎవరి మనిషినో ఇంత దూరం తిప్పడం తప్పు కదా. ఆవిడకీ ఒక తల్లి ఉంటుంది."

అమ్మ ఊరుకోలేదు. మోచేతి మీద చిన్నప్పటి మచ్చ చూపించింది. పడవ దిగుతూ కాలువలో పడితే జుట్టు పట్టుకుని లాగావు కదా అంది. నువ్వు నాకు పెట్టిన ముద్దుపేరు ఇదీ అంది. అమ్మమ్మ అన్నీ విని, "మా మనవరాలు అన్నీ బాగా నేర్పిందండి" అంది. అమలాపురం తీసుకెళ్లి డాక్టరుకి చూపించాం. ఏం అడిగినా టకటకా చెప్పింది. మతిమరుపు లేదమ్మా అన్నాడాయన. నిజమే. మరిచిపోవడం ఆవిడ జబ్బు కాదు. కూతురి గురించి ఒక్కటీ మరిచిపోలేదు.

ఒకరోజు అమ్మ ఓర్చుకోలేక, "నేనేనే! నీ కడుపున పుట్టిందాన్నే! ఎందుకే నన్ను చంపుతున్నావు?" అని భుజాలు పట్టి కుదిపేసింది. అమ్మమ్మ బెదిరిపోయి రెండు చేతులూ జోడించింది. "కోప్పడకండి అమ్మా. నమ్ముతాను. మీరు ఎలా అంటే అలాగే అంటానండి" అంది. అమ్మ చేతులు జారిపోయాయి. పెరట్లోకి వెళ్లి నూతి చప్టామీద కూర్చుంది. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను.

ఆ తర్వాత అమ్మ రుజువులు చూపించడం మానేసింది. మస్కట్‌కి తిరిగి వెళ్లలేదు. అమ్మమ్మకి అన్నం పెట్టేది, తల దువ్వేది, కాళ్లు పట్టేది. అమ్మమ్మ ఆ పరాయి మనిషికి తన కూతురి కబుర్లన్నీ చెప్పుకునేది. "మా అమ్మాయికి చింతకాయ పచ్చడి ఉంటే చాలండి, ఇంకేమీ అక్కర్లేదు." "అలాగా అండి" అనేది అమ్మ. "మొండిదండి, దెబ్బలు తినేది గాని మాట వెనక్కి తీసుకునేది కాదు." "ఆయ్ అండి." తన చావు తనే కూర్చుని వింటూ చింతకాయ పచ్చడి నూరేది. నాకు చూస్తుంటే ఒళ్లు మండేది. లేచి వీధిలోకి పోయేదాన్ని.

వర్షాలు పట్టిన రోజుల్లో అమ్మమ్మ మంచం పట్టింది. ఒక ఉదయం అమ్మ చెంచాతో జావ పోస్తోంది. నేను గుమ్మంలో తల తుడుచుకుంటున్నాను. అమ్మమ్మ చెంచా పక్కకి నెట్టి అడిగింది.

"మీరు మస్కట్ నుంచే వచ్చేరు కదండీ?"

"ఆయ్ అండి."

"మా అమ్మాయి అక్కడే పోయిందండి. నా మనవరాలు నిజం చెప్పదు, అది చిన్నపిల్ల. మీరు చెప్పండమ్మా. అది పోయేటప్పుడు పక్కన ఎవరన్నా ఉన్నారా? మంచినీళ్లు అడిగితే పోసేవాళ్లు ఉన్నారా? నాకు అదొక్కటే అండి. అది తెలియక నా ప్రాణం పోవడం లేదు."

అమ్మ నావైపు చూసింది. నేను తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. చెంచా గిన్నెలో పెట్టిన చప్పుడు వినిపించింది.

"నేనున్నానండి. నా ఒళ్లోనే పోయిందండి. నీళ్లు నేనే పోసేను" అంది అమ్మ.

"బాధపడిందా అండి?"

"లేదండి. నిద్రపోయినట్టే పోయింది."

"నన్ను తలుచుకుందా?"

"'మా అమ్మ ఒక్కతే అయిపోతుంది, మీరు వెళ్లి దగ్గరుండండి' అందండి. అందుకే వచ్చేను."

అమ్మమ్మ అమ్మ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని కళ్లకద్దుకుంది. మీ రుణం తీర్చుకోలేనమ్మా అంది. తర్వాత ఇంకాస్త జావ ఉందా అని అడిగింది. అమ్మ పోసింది. గిన్నె ఖాళీ అయ్యేదాకా తాగింది.